కొత్త పార్టు వేశాక నెట్ పోయిందా? తెగిన పోగు ఎక్కడో చూడండి

రెండు మూడు నెలలుగా ఈ పేజీకి వస్తున్న ఉత్తరాల్లో ఒకటే మొర ఎక్కువగా కనిపిస్తోంది. కంప్యూటర్‌కు కొత్త పార్టు వేయించారు, కంప్యూటరైతే బాగానే మొదలవుతోంది, నెట్ మాత్రం రావడం లేదు. ఒకరు మదర్‌బోర్డు మార్పించారు, ఒకరు వైఫై కార్డు వేయించారు, ఇంకొకరి ఇంట్లో రూటర్ మారింది. ఫలితం మాత్రం ఒక్కటే.

షోలాపూర్ నుంచి ఒక చెల్లెలు ఇట్లా రాసింది: "అన్నా, మా నాయిన టవల్ సాంచ నడుపుతడు, అమ్మ బీడీలు చుడుతది. తమ్ముని చదువుకని సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొన్నం. బోర్డు కాలిపోతే మార్పిచ్చినం. ఇంటికి తెచ్చినంక నెట్ వస్తలేదు. షాపాయనను అడిగితే బోర్డుల నెట్ పోర్టు ఖరాబున్నది, వేరే కార్డు వెయ్యాలె, దానికి పైసలు వేరే అంటుండు. తమ్ముని స్కాలర్‌షిప్ ఫారంకు ఇంక నాలుగు రోజులే ఉన్నయి. ఏం చెయ్యాలె?"

పత్రిక అచ్చయ్యే లోపు ఆ తారీఖు దాటిపోతుంది కాబట్టి ఆ చెల్లెలికి ఫోన్‌లోనే జవాబు చెప్పాం. ఆమెకు చెప్పిందే ఇంకాస్త వివరంగా ఇక్కడ అందరికీ.

మొదట ఒక మాట. మన ఇళ్ళల్లో మగ్గం గురించి తెలియనివాళ్ళు తక్కువ. పేక తెగితే సాంచ ఆగిపోతుంది. అప్పుడు సాంచనంతా ఎవరూ విప్పరు. ఏ పోగు తెగింది, ఎక్కడ తెగింది అని చూస్తారు, అతికిస్తారు, మళ్ళీ నడిపిస్తారు. భీము మార్చిన రోజే గుడ్డలో తేడా వస్తే జాబర్ ముందుగా ఆ భీము దగ్గరికే పోతాడు. కంప్యూటర్‌కూ అదే పద్ధతి. నిన్నటిదాకా వచ్చిన నెట్ ఇవాళ పార్టు మార్చాక పోయిందంటే, మార్చిన చోటే మొదలు వెతకాలి. ఇంకో పార్టు కొనడం చివరి మాట.

ముందు ఫారం, తర్వాత రిపేరు

తారీఖు మీద ఉన్న పని ఉంటే రిపేరు పక్కన పెట్టండి. ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే చాలు. చార్జింగ్ వైరుతో ఫోన్‌ను కంప్యూటర్‌కు కలపండి. ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్నచోటే "యూఎస్‌బీ టెథరింగ్" అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ఫోన్‌లోని నెట్ కంప్యూటర్‌కు వస్తుంది. విండోస్ 10, 11లలో దీనికి సాధారణంగా వేరే ఏదీ వేయాల్సిన పని ఉండదు.

ఆ ఆప్షన్ మసకగా ఉండి నొక్కనివ్వకపోతే వైరు చూడండి. కొన్ని వైర్లు చార్జింగ్‌కు మాత్రమే పనికొస్తాయి, వాటిలో డేటా పోదు. వైరు మార్చి చూడండి. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే చాలా ఫోన్లు ఆ వైఫైనే కంప్యూటర్‌కు అందిస్తాయి, మీ మొబైల్ డేటా ఖర్చు కాదు. మొబైల్ డేటా మీదే నడుపుతుంటే మాత్రం, విండోస్ సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌ను "మీటర్డ్ కనెక్షన్" చేయండి. లేకపోతే విండోస్ తన అప్‌డేట్లు దించుకుంటూ రోజు డేటా అంతా తినేస్తుంది.

ఆ చెల్లెలు మొదట ఇదే చేసింది. ఫారం ఆ సాయంత్రమే పోయింది. తలమీద బరువు దిగాక రిపేరు సంగతి నింపాదిగా చూసుకోవచ్చు.

మొదటి చోటు: వైరు, పోర్టు

కంప్యూటర్‌ను మామూలుగా షట్‌డౌన్ చేస్తే చాలదు. విండోస్ 10, 11లలో చాలా కంప్యూటర్లకు "ఫాస్ట్ స్టార్టప్" అని ఒకటి ఆన్‌లో ఉంటుంది. అందులో షట్‌డౌన్ చేసినా కంప్యూటర్ పాత సంగతులు కొన్ని దాచుకొని, ఆన్ చేయగానే వాటితోనే లేస్తుంది. "రీస్టార్ట్" చేస్తే మాత్రం మొత్తం కొత్తగా మొదలవుతుంది. కాబట్టి ముందు ఒకసారి రీస్టార్ట్.

తర్వాత వెనుకవైపు నెట్ వైరు తీసి మళ్ళీ పెట్టండి. టక్కుమని చప్పుడు రావాలి. ఆ క్లిప్పు విరిగిన వైరు కూర్చున్నట్టే ఉంటుంది, పట్టు ఉండదు. వైరు పెట్టాక పోర్టు పక్కన చిన్న లైట్లు వెలుగుతున్నాయా చూడండి. వెలగకపోతే రూటర్‌లో ఇంకో రంధ్రంలో పెట్టి చూడండి, పక్కింటివాళ్ళ వైరు ఒక పది నిమిషాలు అడిగి తెచ్చి చూడండి.

వేరే నెట్ కార్డు వేయించినవాళ్ళు ఇంకోటి గమనించాలి. ఇప్పుడు కంప్యూటర్ వెనుక ఒకే రకం పోర్టులు రెండు ఉంటాయి, బోర్డుది ఒకటి, కార్డుది ఒకటి. వైరు పాతదానిలోనే ఉండిపోయిందేమో చూసుకోండి.

ఏ వైరు పెట్టినా లైటు వెలగకపోయినా పోర్టు చచ్చిందని అప్పుడే అనుకోవద్దు. కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడే డిలీట్ బటన్ గానీ ఎఫ్2 గానీ కొడుతూ ఉంటే బయోస్ అనే పేజీ వస్తుంది. అందులో "ఆన్‌బోర్డ్ లాన్" అనే చోట "డిసేబుల్డ్" అని ఉంటే పోర్టును మూసిపెట్టారని అర్థం. "ఎనేబుల్డ్" చేసి, సేవ్ చేసి బయటికి రండి. సెకండ్‌హ్యాండ్ బోర్డుల్లో పాత యజమాని మూసిన పోర్టు అట్లాగే ఉండిపోవచ్చు. ఆ పేజీలో మిగతావాటి జోలికి పోవద్దు.

డబ్బా మూత తీయాల్సి వస్తే ముందు కరెంటు ప్లగ్గు గోడ నుంచి పీకేయండి. స్విచ్చి ఆపడం చాలదు. లోపల చెయ్యి పెట్టేముందు డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి. కార్డు ఒకవైపు లేచి ఉంటే సమంగా నొక్కి స్క్రూ బిగించండి.

రెండో చోటు: కంప్యూటర్ కొత్త పార్టును గుర్తుపట్టిందా?

ఆ చెల్లెలి ఇంట్లో పోగు తెగింది ఇక్కడే. బోర్డు మారితే దానిమీది నెట్ చిప్ కూడా మారుతుంది. ఆ చిప్‌తో ఎట్లా మాట్లాడాలో విండోస్‌కు చెప్పే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. పాత చిప్ డ్రైవర్ ఉంది, కొత్తదానిది లేదు. చిప్ బాగానే ఉంది, కానీ విండోస్‌కు దాని భాష రాదు.

ఇది కనిపెట్టడం సులభం. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న బటన్, ఎక్స్ అక్షరం కలిపి నొక్కి "డివైస్ మేనేజర్" తెరవండి. "నెట్‌వర్క్ అడాప్టర్స్" కింద మీ నెట్ చిప్ పేరు ఉండాలి. అక్కడ లేకుండా, "అదర్ డివైసెస్" కింద "ఈథర్‌నెట్ కంట్రోలర్" అని పసుపు గుర్తుతో ఉంటే డ్రైవర్ లేదన్నమాట. ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆ పేరు కనిపించిందంటే చిప్ బోర్డుతో మాట్లాడుతూనే ఉంది. పూర్తిగా చచ్చిన చిప్ అయితే ఆ పేరే రాదు. అట్లాంటప్పుడు "పోర్టు ఖరాబు" అంటే వెంటనే ఒప్పుకోవద్దు.

డ్రైవర్ నెట్‌లో దొరుకుతుంది, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఈ చిక్కుకూ ఫోనే మందు. పైన చెప్పినట్టు టెథరింగ్ పెట్టి, మీటర్డ్ కనెక్షన్ కాసేపు తీసేసి, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి "చెక్ ఫర్ అప్‌డేట్స్" నొక్కండి. చాలాసార్లు విండోస్ తనే డ్రైవర్ తెచ్చుకుంటుంది.

తెచ్చుకోకపోతే మనమే తేవాలి. విండోస్ బటన్, ఆర్ అక్షరం కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లీషులో ఎమ్-ఎస్-ఐ-ఎన్-ఎఫ్-ఓ-32 అని, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ చేయండి. "బేస్‌బోర్డ్ ప్రొడక్ట్" అనే వరుసలో బోర్డు మోడల్ ఉంటుంది. ఆ బోర్డు కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీకి పోయి "లాన్ డ్రైవర్" దించుకోండి. ఇంటి దగ్గర కుదరకపోతే మోడల్ రాసుకొని, తెలిసినవాళ్ళ కంప్యూటర్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు.

బోర్డు పేరు సరిగా రాకపోతే ఇంకో దారి ఉంది. డివైస్ మేనేజర్‌లో ఆ పసుపు గుర్తు మీద రెండుసార్లు నొక్కి, "డీటెయిల్స్"లో "హార్డ్‌వేర్ ఐడీస్" ఎంచుకోండి. వీ-ఈ-ఎన్ అనే మూడు అక్షరాల తర్వాత ఉండే నాలుగు గుర్తులు చిప్ ఏ కంపెనీదో చెప్తాయి. 10ఈసీ అంటే రియల్‌టెక్, 8086 అంటే ఇంటెల్. మన దగ్గర మామూలు బోర్డుల్లో ఎక్కువగా కనిపించేవి ఈ రెండే. ఆ కంపెనీ వెబ్‌సైట్‌లోనే డ్రైవర్ ఉంటుంది.

"మీ డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో సరిచేస్తాం" అని ఊరించే ప్రోగ్రాములు నెట్‌లో కుప్పలు. వాటిని వేయొద్దు. ఒకటి సరిచేస్తామని వచ్చి నాలుగు ప్రకటనలు, రెండు అక్కరలేని ప్రోగ్రాములు ఇంట్లో పెట్టిపోతాయి.

మూడో చోటు: నెట్ ఇచ్చేవాళ్ళు గుర్తుపట్టారా?

డివైస్ మేనేజర్‌లో అంతా బాగుంది, లైట్లు వెలుగుతున్నాయి, అయినా నెట్ లేదు. అప్పుడు తప్పు మీ కంప్యూటర్‌లో ఉండకపోవచ్చు.

విండోస్, ఆర్ నొక్కి సీ-ఎమ్-డీ అని కొట్టండి. నల్ల కిటికీ వస్తుంది. అందులో ఐ-పీ-సీ-ఓ-ఎన్-ఎఫ్-ఐ-జీ అని కొట్టి ఎంటర్ చేయండి. "ఐపీవీ4 అడ్రస్" పక్కన 192.168తో మొదలయ్యే అంకెలుంటే సాధారణంగా రూటర్ మీ కంప్యూటర్‌కు చోటిచ్చిందని అర్థం. 169.254తో మొదలైతే ఎవరూ చోటివ్వలేదు, కంప్యూటర్ తనకు తానే ఒక నంబరు పెట్టుకుంది. అప్పుడు రూటర్‌ను కరెంటు నుంచి తీసి, ఒక నిమిషం ఆగి మళ్ళీ పెట్టండి.

రూటర్ లేకుండా గల్లీ కేబుల్ ఆయన వైరు నేరుగా కంప్యూటర్‌కు వచ్చే ఇళ్ళల్లో ఇంకో సంగతి ఉంటుంది. ప్రతి నెట్ చిప్‌కూ మ్యాక్ అడ్రస్ అనే సొంత నంబరు ఉంటుంది. రెండేసి గుర్తుల చొప్పున ఆరు జతలు. కొందరు ఆపరేటర్లు ఆ నంబరును తమ దగ్గర రాసిపెట్టుకొని, ఆ నంబరుకే నెట్ ఇస్తారు. బోర్డో కార్డో మారితే నంబరు మారుతుంది. మిల్లు గేటు దగ్గర పాత పాసుతో కొత్త మనిషిని రానివ్వనట్టే, వాళ్ళ మెషిన్ మీ కొత్త నంబరును రానివ్వదు. మీరు ఎన్ని డ్రైవర్లు మార్చినా అది మారదు.

దీనికి ఒక ఫోన్ చాలు. నల్ల కిటికీలో అదే మాట కొట్టి, ఖాళీ వదిలి, ఏటవాలు గీత పెట్టి ఏ-ఎల్-ఎల్ అని కొడితే "ఫిజికల్ అడ్రస్" అనే వరుస వస్తుంది. ఆ పన్నెండు గుర్తులు రాసుకొని ఆపరేటర్‌కు చెప్పండి: "మా కంప్యూటర్ కార్డు మారింది, కొత్త మ్యాక్ నంబరు రాసుకోండి." ఇంట్లో రూటర్ ఉంటే వాళ్ళ దగ్గర ఉండేది రూటర్ నంబరు కాబట్టి కంప్యూటర్ మార్చినా ఈ ఇబ్బంది రాదు. రూటర్ మార్చినప్పుడు మాత్రం వస్తుంది.

కొన్ని లైన్లకు యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టి "కనెక్ట్" నొక్కాలి. బోర్డు మార్చినప్పుడు షాపులో విండోస్ కూడా కొత్తగా వేస్తే ఆ కనెక్షన్ గుర్తు చెరిగిపోతుంది. ఆపరేటర్‌ను అడిగి మళ్ళీ పెట్టుకోవాలి. కనెక్ట్ చేసినప్పుడు 691 అనే అంకె వస్తే, మీ పేరో పాస్‌వర్డో అవతలివాళ్ళు ఒప్పుకోలేదని అర్థం.

ఇంకొందరు ఆపరేటర్లు విడి ఐపీ నంబరు ఇచ్చి కంప్యూటర్‌లో రాయిస్తారు. ఆ నంబరు పాత కార్డు పేరు మీదే ఉండిపోతుంది, కొత్త కార్డుకు ఎవరూ రాయరు. ఆ నంబర్లు కాగితం మీద ఉంటే ఐదు నిమిషాల పని. లేకపోతే ఆపరేటర్ వచ్చేదాకా ఆగాలి.

నెట్ ఉన్నా లేనట్టుండే రెండు తీర్లు

ఒకటి తారీఖు. బోర్డు మీద నాణెంలాంటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు. అది అయిపోతే కంప్యూటర్ ఆపిన ప్రతిసారీ గడియారం ఏళ్ళ వెనక్కి పోతుంది. అప్పుడు బ్యాంకు, ప్రభుత్వ వెబ్‌సైట్లు "ఈ కనెక్షన్ భద్రం కాదు" అని తలుపు మూసేస్తాయి. చూసేవాళ్ళు నెట్ పోయిందనుకుంటారు. ముందు స్క్రీన్ మూలన తారీఖు చూడండి. తప్పుంటే సరిచేయండి, రేపటికి మళ్ళీ తప్పితే బ్యాటరీ మార్పించండి. అది పెద్ద ఖర్చేమీ కాదు.

రెండోది పేర్ల పుస్తకం. నల్ల కిటికీలో పీ-ఐ-ఎన్-జీ అని, ఖాళీ వదిలి, 8.8.8.8 అని కొట్టండి. జవాబు వస్తున్నా ఏ వెబ్‌సైటూ తెరుచుకోకపోతే లైన్ బాగానే ఉంది. వెబ్‌సైట్ పేరును నంబరుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర తేడా ఉందని అర్థం. కార్డు సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ నంబరు చేత్తో రాసి ఉంటే దాన్ని "ఆటోమేటిక్" చేయండి.

వైఫై వేయించినవాళ్ళకు

యూఎస్‌బీ వైఫై డాంగిల్స్‌లో కొన్ని, మొదటిసారి పెట్టగానే సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి. "దిస్ పీసీ"లో ఆ డ్రైవ్ తెరిస్తే డ్రైవర్ లోపలే ఉంటుంది. డబ్బా లోపల వేసే కార్డయితే వెనుక యాంటెనాలు బిగించారా చూడండి. ప్యాకెట్‌లోనే మరిచిపోతే సిగ్నల్ వచ్చీరానట్టు ఉంటుంది.

కొత్త హార్డ్ డిస్కో పెన్‌డ్రైవో నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుకు పెట్టాకే వైఫై మందగిస్తుందా? అది మీ భ్రమ కాదు. యూఎస్‌బీ 3 పనిచేసేటప్పుడు పుట్టే రేడియో చప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అడ్డుపడుతుందని ఇంటెల్ కంపెనీయే 2012లో చూపించింది. డాంగిల్‌ను దూరంగా ముందువైపు పోర్టుకు మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో పక్కకు జరపండి.

షాపులో అడగాల్సిన మాటలు

అందరు రిపేరువాళ్ళూ మోసగాళ్ళు కారు. కానీ అడగనివాళ్ళకు పెద్ద బిల్లు, అడిగినవాళ్ళకు చిన్న బిల్లు అయ్యేచోట్లు ఉన్నాయి. అమ్మ చుట్టే వెయ్యి బీడీలకు ఎంత వస్తుందో మనకు తెలుసు. ఆ లెక్కలో చూస్తే అక్కరలేని కార్డు ఎన్ని రోజుల కూలీయో కూడా తెలుస్తుంది.

కాబట్టి మర్యాదగానే అడగండి: "భయ్యా, డివైస్ మేనేజర్‌ల నెట్ కంట్రోలర్ కనవడుతుందా? లాన్ డ్రైవర్ వేసినవా? నీ దగ్గర వేరే వైరు పెట్టి నెట్ చూపియ్యి." ఈ మూడు మాటలు అడిగితే, మీకు సంగతి తెలుసని ఆయనకు అర్థమవుతుంది. పార్టు మార్చిన షాపులోనే, పైసలు ఇవ్వకముందే, నెట్ నడిపించి చూసుకోండి. పాత పార్టు వెనక్కి తీసుకోండి, కొత్తదానికి బిల్లు రాయించండి. సెకండ్‌హ్యాండ్ పార్టయినా ఎన్ని రోజుల పూచీయో కాగితం మీద ఉండాలి.

ఇక ఇంట్లో పార్టు మార్చేముందు చేయాల్సింది కొంచెమే. ఆపరేటర్ ఇచ్చిన పేరు, పాస్‌వర్డ్, వైఫై పాస్‌వర్డ్ ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. నల్ల కిటికీలో వచ్చే నంబర్లను ఫోన్‌తో ఫోటో తీసుకోండి. కొత్త పార్టు డ్రైవర్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో దించి పెట్టుకోండి. ఒకసారి ఒకటే మార్చండి. బోర్డు, విండోస్, రూటర్ మూడూ ఒకే రోజు మారిస్తే ఏ పోగు తెగిందో జాబర్‌కూ దొరకదు.

ఆ చెల్లెలి ఇంట్లో కొత్త కార్డు కొనలేదు. బోర్డు కంపెనీ డ్రైవర్ వేస్తే అదే పోర్టులో నెట్ వచ్చింది. తమ్ముడే వేశాడట, ఇప్పుడు గల్లీలో రెండిళ్ళవాళ్ళు అతన్నే పిలుస్తున్నారట.

వచ్చే నెల: పాత కంప్యూటర్ అమ్మేముందు అందులోని ఫోటోలు, బ్యాంకు కాగితాలు ఎట్లా తుడిచేయాలి? మీ సందేహాలు పత్రిక చిరునామాకు రాయండి. రాసేటప్పుడు ఏం పార్టు మార్చారు, ఎప్పటి నుంచి తేడా వచ్చింది, స్క్రీన్ మీద ఏ మాట కనిపిస్తోంది, ఈ మూడూ తప్పకుండా రాయండి.